‘ఇడు’ అన్న గొంతు

ఒక చెక్కని రెండు చేతులతో పట్టుకుని కత్తి మీదుగా తోస్తున్నారనుకోండి. ఏ చేయి ఎప్పుడు నొక్కాలి, ఏ చేయి ఎప్పుడు వదలాలి — చెప్పండి చూద్దాం?

తెలీదు కదూ. సరే. చైతూ, ఫోను లైటు ఆర్పెయ్, కొవ్వొత్తి చాలు. చాందినీ, గోడవైపుకి జరుగు. కరెంటు పోయింది కాబట్టి దెయ్యం కథ కావాలన్నారు. చపాతీలు సగం ఒత్తాను, సగం పిండి గిన్నెలోనే ఉంది. మళ్ళీ కరెంటు వచ్చేదాకా చెప్తాను.

ముందే చెప్తున్నా, ఈ దెయ్యం జుట్టు విరబోసుకోదు, గజ్జెలు మోగించదు. ఒక్క మాట అంటుంది. అంతే. ఆ మాటకి అర్థం తప్పుగా తెలిస్తే వేళ్ళు పోతాయి. అందుకే ముందు ప్రశ్న అడిగాను.

మడివాళ మార్కెట్ ఉంది కదా, దాని వెనకాల కొబ్బరికాయల మండీ దాటాక ఒక సందు. సందు చివర ఒక రేకుల షెడ్డు. ఫయాజ్ అనే ఆయనది, వాళ్ళ నాన్న కట్టించాడు. లోపల కర్రపని. పగలు బాగానే ఉంటుంది. దీపాలు పెట్టే వేళ దాటిందా — పూలమ్మే ఆడవాళ్ళు బుట్టలు ఎత్తుకుని ఇవతలికి జరిగిపోతారు. ఆటోవాళ్ళని ఆ సందులోకి రమ్మంటే మీటరు గురించి కూడా మాట్లాడరు, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోతారు.

ఆ షెడ్డులో మిషన్ మాట్లాడుతుందట.

రందా మిషన్ అంటారు దాన్ని. చేతి చిత్రిక తెలుసుగా, అది చెక్క మీద నడుస్తుంది. ఇక్కడ తిరగేసి ఆలోచించండి. కత్తి కదలకుండా ఒకేచోట తిరుగుతుంటుంది, చెక్కే దాని మీదుగా నడవాలి. రెండు ఇనప బల్లలు, మధ్యలో సన్నటి సందు, ఆ సందులో కత్తులు బిగించిన ఇనప రోలరు గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఎంత గిర్రున అంటే కత్తి ఉన్నట్టే కనపడదు. గాలి కాస్త మసకగా ఉన్నట్టుంటుంది, అంతే.

మోటారు ఆపినా ఆ కత్తి వెంటనే ఆగదు. తిరిగి… తిరిగి… నెమ్మదిస్తుంది. అప్పుడు వినపడుతుందట.

ఇడు… ఇడు… ఇడు…

మీకు స్కూల్లో కన్నడం ఉంది, మీరే చెప్పండి. ఇడు అంటే? అవును, పెట్టు అని. ఏం పెట్టాలి? కత్తి అడిగేది ఇంకేముంది… చెయ్యే. ఆ మిషన్ ఒకప్పుడు నిజంగానే ఒక మనిషి వేళ్ళు తీసుకుంది. దానికి రుచి తగిలింది, ఇంకా అడుగుతోంది అన్నారు. పనికి కుదిరినవాళ్ళు వారం తిరక్కుండా మానేసేవాళ్ళు. కన్నడం ఒక్క ముక్క రాని బీహారు మనిషి ఒకడు, ఆ మాటకి అర్థం ఏమిటని పక్కవాణ్ణి అడిగి, చెప్పగానే చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడట.

అలాంటి షెడ్డుని హేమలత అద్దెకి తీసుకుంది.

హేమలత అంటే మన పై అంతస్తు అమ్మాయే. స్కూటీ మీద హెల్మెట్టుతో, చేతి తొడుగులతో వెళ్తుంటుంది చూడండి. ఏమిటి చైతూ… ఆమె వేళ్ళా? నువ్వెప్పుడైనా చూశావా? చూడలేదు కదా. మరి కూర్చో.

ఇదంతా ఆ అమ్మాయి నాకు చెప్పిందే. విన్నది విన్నట్టు చెప్తాను.

హేమలత ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేసేది. కంపెనీవాళ్ళు ఒకరోజు చాలామందిని తీసేశారు, అందులో ఈమె కూడా ఉంది. అందరూ ఇంకో కంపెనీ వెతుక్కుంటే ఈమె కర్రపని నేర్చుకోవడానికి వెళ్ళింది. వాళ్ళ నాన్న ఎల్లయ్యది గద్వాల వైపు, ఈ ఊళ్ళో సెంట్రింగు పని చేసి కూతుర్ని చదివించాడు. ఆయనకి అసలు ఇష్టం లేదు. కోప్పడలేదట, ఒక్కటే అన్నాడట — “నేను చెక్కలు మోసింది నువ్వు మోయొద్దనే కద బిడ్డా.”

ఈ అమ్మాయి ఆయనకి పందెంలాంటి మాట ఇచ్చింది. మడివాళలో పెద్దక్క మెస్సుకి పొడుగాటి భోజనాల బల్ల చేస్తున్నాను, అది పెద్దక్కకి నచ్చిందా ఇదే నా పని. నచ్చలేదా, మళ్ళీ కంపెనీకే పోతాను, మారు మాట్లాడను. ఎల్లయ్య సరే అన్నాడు.

మొదటిసారి చేసిన బల్ల ఊగింది.

పెద్దక్క దాని మీద చెయ్యి ఆనించి అటొకసారి ఇటొకసారి ఊపి చూసి, “ఏం పాపా, బల్ల అడిగితే ఉయ్యాల తెచ్చినావే. దీని మీద వడ్డిస్తే ఒకరి సాంబారు ఇంకొకరి అన్నంలోకి పోతాది గదా” అందట. పీజీ పిల్లలంతా నవ్వారు. హేమలత కూడా నవ్వింది. ఇంటికొచ్చి తలుపేసుకుంది.

పెద్దక్క మంచి మనిషి, ఇంకొక్కసారి చేసుకురమ్మంది. ఇంకొక్కసారే.

ఇప్పుడు ఆ తప్పేమిటో వినండి, దెయ్యం అక్కడే ఉంది. చెక్క ఎండేటప్పుడు వంగుతుంది, విల్లులాగా. దాన్ని రందా మీద బోర్లించి పెట్టాలి, రెండు కొసలూ బల్లకి ఆనేటట్టు, నడుమ ఎత్తు మీదికి ఉండేటట్టు. హేమలత అలాగే పెట్టేది. పెట్టి, రెండు చేతులతో బలంగా నొక్కి తోసేది. నొక్కితే ఏమవుతుంది? చెక్క బుద్ధిగా సాపుగా పడుకుంటుంది. కత్తి అలాగే చెక్కుతుంది. చెయ్యి తీయగానే — మళ్ళీ వంపు.

క్లాసులో టీచరు బెత్తం పట్టుకుని నిలబడితే పిల్లలంతా తిన్నగా కూర్చుంటారు. టీచరు బయటికి వెళ్ళగానే చూడాలి. నొక్కి తీసుకొచ్చిన తిన్నదనం అంతే.

ఆ సంగతి హేమలతకి ఇంకా తెలీదు. ఎంత ఊగితే అంత గట్టిగా నొక్కేది. పని ముగిసి చీకటి పడ్డాక మోటారు ఆపేది. షెడ్డులో తను ఒక్కతే. రేకుల మీద పావురాల గోళ్ళ చప్పుడు. కత్తి నెమ్మదిస్తూ… నెమ్మదిస్తూ…

ఇడు… ఇడు…

మొదటిరోజు భ్రమ అనుకుంది. రెండోరోజు చెవులు మూసుకుంది. ఆ తరవాత ఫయాజ్‌ని పిలిచి అడిగింది.

ఫయాజ్ నవ్వాడట. “ఏం లేదక్కా. బెల్టు వదులైండాది. స్పీడు తగ్గితే టపటపా కొట్టుకుంటాది. జనాలకి ఏది కావాలంటే అది వినపడతాది” అని, చిక్కపేటకి పోయి కొత్త బెల్టు తెచ్చి తనే బిగించాడు.

చప్పుడు ఆగిపోయింది. పూర్తిగా.

హేమలత హాయిగా ఊపిరి పీల్చుకుంది. కానీ మనసు ఊరుకోదు కదా. ఆగిపోయాక ఇంకా ఎక్కువగా వినసాగింది. చప్పుడు ఉన్నప్పుడు భయపడింది, లేనప్పుడు దాని కోసం ఎదురుచూసింది. అలాంటి అశాంతి ఇంకోటి లేదు, పిల్లలూ.

సందు మొదట్లో టీ బండి ఉంది. ఆ బండి మల్లికార్జున్‌ది, హావేరి వైపు మనిషి. టీ గ్లాసుని బొటనవేలూ చిటికెనవేలూ మధ్య ఇరికించి అందిస్తాడు. ఎందుకంటే మధ్యలో వేళ్ళు సగమే ఉన్నాయి. రందా మిషన్ తీసుకున్నది ఆయన వేళ్ళనే. ఆయన సందులోకి మాత్రం అడుగుపెట్టడు. టీ కావాలంటే మనమే వెళ్ళాలి.

ఒక సాయంత్రం హేమలత ధైర్యం చేసి అడిగేసింది.

మల్లికార్జున్ పాలు తిప్పుతూ చెప్పాడట. అప్పట్లో ఆ షెడ్డుకి మేస్త్రీ జయరామప్ప. మడకశిర నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన తెలుగాయన. ఎంతమందికి పని నేర్పాడో. పని నేర్చుకునేవాడి వెనకాల నిలబడి, చెక్క కత్తి దాటే క్షణానికి ఒక మాట అనేవాడు. ఆయన దగ్గర నేర్చినవాళ్ళంతా ఆయన ఊరివాళ్ళే, ఆ మాటకి అలవాటు పడినవాళ్ళు. మల్లికార్జున్ కొత్తగా చేరాడు. కొత్త చేయి, భయంతో కత్తికి దగ్గరగా నొక్కేస్తోంది. జయరామప్ప అది చూసి వెనకనుంచి గట్టిగా కేక వేశాడు.

“ఇడప్పా, ఇడు!”

మల్లికార్జున్ పొయ్యి వంక చూస్తూ హేమలతతో అన్నది ఒక్కటే — “ఇడు అంద్రు. ఇట్టె.”

పెట్టు అన్నారు. పెట్టాను. అంతేనమ్మా జరిగింది.

హేమలతకి చేతిలో టీ చల్లారిపోయింది. వాళ్ళ నాన్న చిన్నప్పటినుంచి అనే మాట చెవిలో మోగింది. కోపం వద్దు, ఇడిసిపెట్టు బిడ్డా. పాత సంగతి ఇడిసిపెట్టు. మనం పుస్తకంలో విడు అని రాస్తాం. పల్లెల్లో ఆ వకారం జారిపోతుంది. ఇడు.

ఆయన పెట్టమనలేదు. వదలమన్నాడు.

ఒకే మాట. తెలుగులో వదులు, కన్నడంలో పెట్టు. అప్పా అన్న పిలుపు కూడా రెండింటిలో ఒకటే. తప్పు ఎవరిదని రాస్తారు పరీక్షలో? జయరామప్ప మాత్రం తనదే అనుకున్నాడు. మల్లికార్జున్ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆయనే అన్నం తెచ్చి కలిపి పెట్టాడట. ఆ తరవాత మిషన్ దగ్గర నోరు విప్పలేదు. చెయ్యి పట్టుకుని చూపించేవాడు, మాట మాత్రం లేదు. అలా మూగగానే పోయాడు, ముసలితనంతో, తన మంచం మీద.

మరి వదలడం అంటే ఏమిటి? చాందినీ, నీ చేతులు ఇటివ్వు. ఇది చెక్క అనుకో. మొదట చెక్క ఇవతలి బల్ల మీద ఉంది, ఇవతలే కాస్త ఆనించు. కాస్తే. చపాతీ మీద కర్ర ఆనినట్టు. ముందు కొస కత్తి దాటి అవతలి బల్ల ఎక్కింది. ఇప్పుడు ఎడమచేయి లేపి, కత్తికి బాగా అవతల దించు. బరువంతా అక్కడ. వెనక చేతిని ‘ఇడు’. అది తొయ్యాలే గాని నొక్కకూడదు. కత్తికి సరిగ్గా పైన ఏ చేయీ ఎప్పుడూ ఉండకూడదు. చెక్కిన ముఖం అవతలి బల్లకి ఆనుకుని దారి చూపిస్తుంది, మిగతాది దాని వెనకే నడుస్తుంది.

చూశావా, బలం కాదు. బరువు ఎప్పుడు మార్చాలో తెలియడం.

హేమలత ఆ రాత్రే షెడ్డుకి వెళ్ళింది. మర్నాడు పెద్దక్కకి బల్ల చూపించాలి. వాన మొదలైంది. రేకుల మీద వాన అంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. షెడ్డులో ఒకటే బల్బు. ఆమె నీడ గోడ మీద, ఆ నీడ వెనక చెక్కల నీడలు — నిలబడ్డ మనుషుల్లా.

మొదటి చెక్క పెట్టింది. ఆనించింది. దాటింది. ఎడమచేయి మార్చింది, కుడిచేయి వదిలింది…

చెక్క తీసి బల్ల మీద బోర్లించి, మూలన వేలు పెట్టి తట్టింది. కదల్లేదు.

ఇంకోటి. కదల్లేదు.

ఏడుపొచ్చిందట. ఒక్కొక్క చెక్కా అలా చేసుకుంటూ పోయింది. ఒక్కటే మిగిలింది, బల్ల కొసకి వేసే అడ్డపట్టీ. పొట్టి చెక్క. మధ్యలో నల్లటి ముడి. పొట్టి చెక్క రందాకి పనికిరాదు, చెయ్యి కత్తికి మరీ దగ్గరవుతుంది. అరచేతి కింద పెట్టుకునే తోపుడు దిమ్మ ఎక్కడో పొట్టు కింద పడిపోయింది. కత్తి మీద కప్పు ఉండాలి, అది పాతవాళ్ళెవరో అడ్డంగా ఉందని ఎప్పుడో ఊడదీసి పారేశారు. ఒక్క చెక్కే కదా, ఇంత చేసినదాన్ని, అనుకుంది. వట్టి చేత్తోనే తోసింది.

అలసిపోయినప్పుడు పాత అలవాటే ముందుకొస్తుంది. ముడి దగ్గర చెక్క అదిరింది. అదిరేసరికి ఎడమచేయి దానంతట అదే — ముడి మీద, కత్తికి సరిగ్గా పైన — గట్టిగా నొక్కేసింది.

వాన ఆగినట్టయింది.

ఆగలేదు. రేకుల మీద కురుస్తూనే ఉంది. కానీ ఆ చప్పుడు దూరంగా జరిగి, దాని ఇవతల ఒక ముసలి గొంతు.

“ఇడు…”

కొత్త బెల్టు. మోటారు పూర్తి వేగంలో ఉంది. టపటపలాడే వదులు ఎక్కడా లేదు.

“ఇడు…”

ఆ క్షణంలో ఏమైందో హేమలత చెప్పినప్పుడు నాకే ఒళ్ళు జలదరించింది. ఆ అమ్మాయి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. రెండూ పుట్టుకనుంచీ చెవిలో ఉన్నవే. ఒక చెవికి వదులు అని వినపడింది. ఒక చెవికి పెట్టు అని. అర్థం తెలిసి కూడా చెయ్యి కదల్లేదు. వదులు… పెట్టు… వదులు… కింద కత్తి. చెక్క వణుకుతోంది. ముడి చుట్టూ సన్నటి గీత తెరుచుకుంటోంది.

అప్పుడు ఆ గొంతు ఆగింది.

ఊపిరి తీసుకున్నట్టు ఒక్క క్షణం ఆగింది. తప్పు మాట రాసినవాడు కొట్టేసి మళ్ళీ రాసేటప్పుడు ఆగుతాడే, అలాగ. తరవాత సరిగ్గా చెవి పక్కనే, మెల్లగా, విడమరిచి —

“తియ్యమ్మా… తెగి.”

రెండు చెవులకీ తియ్యి అనే వినపడింది. చెయ్యి తీసేసింది.

తీసీ తీయగానే ముడి పేలింది. చెక్క రెండుగా చీలి, ఒక ముక్క తుపాకీ గుండులా వెనక్కి ఎగిరి రేకుకి కొట్టుకుంది. రేకు లోపలికి సొట్టపోయింది. చెయ్యి అక్కడే ఉండి ఉంటే కింద చెక్క లేదు, కత్తే ఉంది.

హేమలత మోటారు ఆపింది. కత్తి నెమ్మదిస్తూ… నెమ్మదిస్తూ… ఆగిపోయింది.

ఏ చప్పుడూ లేదు.

వెనక్కి తిరిగి చూసిందా అని అడిగాను నేను కూడా. చూసిందట. నేలంతా కర్రపొట్టు, మంచులా. తన అడుగులే ఉన్నాయి. కానీ తన వెనకాల, మేస్త్రీ నిలబడే చోట, పొట్టు లేదు. రెండు పాదాల మేర నేల శుభ్రంగా ఉంది.

గాలికి ఎగిరిపోయి ఉంటుంది అంటావా చైతూ? అయి ఉండొచ్చు. రాసుకో.

పొద్దున్నే హేమలత టీ బండి దగ్గరికి పరుగెత్తింది, జరిగింది చెప్పింది. మల్లికార్జున్ భయపడలేదు, వింతపడలేదు. ఒక్కటే అడిగాడట, ఏ మాట అన్నాడు, సరిగ్గా చెప్పు అని.

“తెగి అన్నారు” అంది.

మల్లికార్జున్ పొయ్యి మంట తగ్గించాడు. “తెగి అంద్రా” అని తనలో తనే అనుకున్నాడు. కన్నడంలో తెగి అంటే తియ్యి. మల్లికార్జున్ భాషలోనే అన్నాడు. ఇన్నేళ్ళు వెతుక్కుని సరైన మాట పట్టుకున్నాడు ముసలాయన. ఆ తరవాత ఒక గ్లాసులో టీ పోసి, సగం వేళ్ళతోనే పట్టుకుని, సందులోకి నడిచాడు. షెడ్డు దాకా వెళ్ళాడు. మిషన్ వెనకాల, పొట్టు లేని ఆ చోట గ్లాసు పెట్టి వచ్చాడు.

ఇడు అంటే పెట్టడం కూడా కదా.

పెద్దక్క బల్ల సంగతా? అడ్డపట్టీకి ఇంకో చెక్క వేసి మధ్యాహ్నానికి చేర్చింది. పెద్దక్క నాలుగు మూలలా చెయ్యి ఆనించి చూసి, “ఈసారి ఊగలేదు, నాకే కళ్ళు తిరుగుతాండాయి” అందట. ఎల్లయ్య ఆ బల్ల దగ్గరే కూర్చుని అన్నం తిన్నాడు. తిన్న చోట తన కండువాతో తుడిచి లేచాడు.

ఇప్పుడు ఆ మిషన్‌కి కొత్త కప్పు ఉంది. తోపుడు దిమ్మకి తాడు కట్టి మేకుకి వేలాడదీసింది. హేమలతకి వేళ్ళన్నీ ఉన్నాయి, రేపు లిఫ్టులో తొడుగులు తీసి చూపించమని అడగండి.

బెల్టే అంటావా, చాందినీ? ఒప్పుకుంటాను. వదులు బెల్టు ఇడు ఇడు అనగలదు. కానీ బెల్టుకి ‘అమ్మా’ అనడం ఎవరు నేర్పారు?

అదిగో, కరెంటు వచ్చింది.

చైతూ, ఆ చపాతీ పీట ఇలా అందుకో. జాగ్రత్త, అంచున నల్లటి మచ్చ ఉంది చూడు, అది ముడి. చీలిపోగా మిగిలిన ముక్కతో చేసి ఇచ్చింది నాకు. నేల మీద పెట్టి మూలన తట్టు… ఊగిందా? ఊగదు.

నేను వెళ్ళి మిగిలిన పిండి ఒత్తేసి వస్తాను. మీరిద్దరూ అక్కడే కూర్చోండి. వంటింట్లో ఎవరైనా మాట్లాడినట్టు వినిపిస్తే అది నేను కాదు, నేను ఒత్తేటప్పుడు మాట్లాడను.